హార్ట్ ఫెయిల్యూర్ కోడింగ్: అమీర్‌పేటలో నేర్చిన పుస్తకం వేరు, రియాద్‌లో వాడే పుస్తకం వేరు

అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సు చేసి, హైదరాబాద్ కంపెనీల్లో కొన్నేళ్లు అమెరికా ఆసుపత్రుల చార్టులు చూసి, ఆ అనుభవంతో సౌదీ ఉద్యోగాలకు ప్రయత్నించే తెలుగువారు చాలామంది ఉన్నారు. సీపీసీ సర్టిఫికెట్ చేతిలో ఉంది, ఐసీడీ-10 కంఠతా వచ్చు, ఇంకేం కావాలి అనుకుని వస్తారు. ఇక్కడికి వచ్చాక మొదటి తడబాటు తరచుగా గుండె జబ్బుల కేసుల్లోనే ఎదురవుతుంది. ముఖ్యంగా హార్ట్ ఫెయిల్యూర్‌లో. రోగి అవే లక్షణాలతో వస్తాడు, డాక్టర్ అవే మాటలు రాస్తాడు, పుస్తకం పేరు కూడా ఐసీడీ-10 అనే ఉంటుంది. కానీ కోడ్ మాత్రం వేరు.

ఈ వ్యాసం ప్రధానంగా కోడర్ల కోసం. అయితే రియాద్‌లో పనిచేసే మన డాక్టర్లు, నర్సులు, బీమా విభాగాల ఉద్యోగులతో పాటు, గుండె జబ్బుతో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న రోగుల కుటుంబాలకూ ఇందులో పనికొచ్చే విషయాలున్నాయి. కేస్ షీట్‌లో ఒక్క మాట ఉండటం, లేకపోవడం బిల్లు మీదా, తర్వాతి చికిత్స అనుమతి మీదా ప్రభావం చూపుతుంది.

ముందు మూడు మాటలు విడదీద్దాం

తెలుగులో మనం గుండెకు ఏం జరిగినా ‘గుండెపోటు’ అనేస్తాం. వైద్యంలో ఇవి మూడు వేర్వేరు సంగతులు.

గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోయి కండరం దెబ్బతినడం గుండెపోటు. దీని కోడ్లు ఐ21తో మొదలవుతాయి. గుండె కొట్టుకోవడం హఠాత్తుగా ఆగిపోవడం కార్డియాక్ అరెస్ట్. అది ఐ46. గుండె పనిచేస్తూనే ఉండి, ఒంటికి కావలసినంత రక్తాన్ని పంప్ చేయలేకపోవడం హార్ట్ ఫెయిల్యూర్. అది ఐ50. ఆయాసం, కాళ్లవాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం దీని సాధారణ లక్షణాలు. గుండెపోటు వచ్చిన మనిషికి తర్వాత హార్ట్ ఫెయిల్యూర్ రావచ్చు. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ వల్లా రావచ్చు. కవాటాల జబ్బు వల్లా రావచ్చు. కాబట్టి హార్ట్ ఫెయిల్యూర్ అని రాసినప్పుడు, దేనివల్ల అన్న ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది. కోడింగ్‌లో సగం గొడవ ఆ ప్రశ్న చుట్టూనే.

సౌదీలో ఈ జబ్బు చిన్న సమస్య కాదు. రియాద్‌లోని కింగ్ సౌద్ యూనివర్సిటీకి చెందిన కింగ్ ఫహద్ కార్డియాక్ సెంటర్ నిపుణులు 2009-10లో ‘హార్ట్స్’ పేరుతో దేశవ్యాప్త రిజిస్ట్రీ నడిపారు. 18 ఆసుపత్రుల్లో అక్యూట్ హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన సుమారు 2,600 మంది వివరాలు అందులో ఉన్నాయి. వారి సగటు వయసు 61 ఏళ్ల దగ్గరే ఉంది. మూడింట రెండు వంతుల మందికి దాదాపుగా మధుమేహం ఉంది. అంటే కేస్ షీట్‌లో ఒక్క గుండె జబ్బే ఉండదు. షుగర్, బీపీ, కిడ్నీ సమస్య కలిసే వస్తాయి. వాటిలో దేన్ని ముందు రాయాలి, దేన్ని దేనితో ముడిపెట్టాలి అన్నది కోడర్ రోజూ తేల్చుకోవాల్సిన విషయం.

డాక్టర్లు వాడే భాష

గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఎడమ జఠరికలోని రక్తంలో ఎంత శాతం బయటికి పోతుందో చెప్పే కొలత ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఎకో పరీక్షలో ఇది తెలుస్తుంది. 2021లో ప్రకటించిన సార్వత్రిక నిర్వచనం ప్రకారం, ఇది 40 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే తగ్గిన ఎజెక్షన్ ఫ్రాక్షన్‌తో కూడిన హార్ట్ ఫెయిల్యూర్. 41 నుంచి 49 మధ్య ఉంటే స్వల్పంగా తగ్గిన రకం. 50 లేదా ఆపైన ఉంటే నిలిచి ఉన్న రకం. మొదట 40 లేదా అంతకన్నా తక్కువ ఉండి, చికిత్సతో కనీసం 10 పాయింట్లు పెరిగి 40 దాటితే మెరుగుపడిన రకం.

డాక్టర్‌కు ఈ విభజన ప్రాణప్రదం. మందుల ఎంపిక దీని మీదే ఆధారపడుతుంది. అమెరికా కోడింగ్ పుస్తకం కూడా దీనికి పెద్ద పీట వేస్తుంది. రియాద్ పుస్తకం అలా చేయదు. తేడా ఇక్కడ మొదలవుతుంది.

రియాద్‌లో నడిచేది ఆస్ట్రేలియా పుస్తకం

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసీడీ-10ను చాలా దేశాలు తమ అవసరానికి తగ్గట్టు మార్చుకున్నాయి. అమెరికా మార్చుకున్నది ఐసీడీ-10-సీఎం. 2015 అక్టోబర్ 1 నుంచి అక్కడ అమల్లో ఉంది. హైదరాబాద్‌లో నేర్పేదీ, అక్కడి కంపెనీల్లో వాడేదీ ఇదే. ఆస్ట్రేలియా మార్చుకున్నది ఐసీడీ-10-ఏఎం. 1998లో మొదటి కూర్పు వచ్చింది. సౌదీ ఎంచుకున్నది ఈ ఆస్ట్రేలియా పద్ధతిని. పదో కూర్పు ఐసీడీ-10-ఏఎం, దానితోపాటు ఆస్ట్రేలియన్ కోడింగ్ ప్రమాణాలు, కేసులను గుంపులుగా విడదీసే ఏఆర్-డీఆర్‌జీ తొమ్మిదో వెర్షన్ ఇక్కడి ప్రామాణికాలు.

చికిత్సలు, పరీక్షల కోడ్లు కూడా వేరే. అమెరికాలో సీపీటీ వాడతారు. డాప్లర్‌తో కూడిన పూర్తి ఎకోకు 93306 అని కోడర్లందరికీ నోటికొచ్చు. ఇక్కడ ఆస్ట్రేలియా చికిత్సల వర్గీకరణ ‘ఆకీ’ ఆధారంగా తయారైన సౌదీ బిల్లింగ్ సిస్టమ్ కోడ్లు వాడాలి. ఐదంకెల సీపీటీకి అలవాటు పడ్డ కళ్లకు ఈ పొడవాటి సంఖ్యలు మొదట చికాకే.

ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులకు ఇక్కడ ఆరోగ్య బీమా తప్పనిసరి. దాన్ని పర్యవేక్షించేది కౌన్సిల్ ఆఫ్ హెల్త్ ఇన్సూరెన్స్. ఆసుపత్రికీ బీమా కంపెనీకీ మధ్య అర్హత పరిశీలన, ముందస్తు అనుమతి, క్లెయిమ్ అన్నీ ‘నఫీస్’ అనే జాతీయ ప్లాట్‌ఫామ్ మీదుగా వెళ్తాయి. ప్రతి క్లెయిమ్‌లో రోగనిర్ధారణ కోడ్ ఉండాలి. అమెరికా కోడ్ అలవాటుగా వేసేస్తే, ఇక్కడి పట్టికలో లేని కోడ్ కాబట్టి అది నిలవదు.

ఒకే రోగి, రెండు రకాల కోడ్లు

ఉదాహరణకు ఒక రోగిని ఊహించుకుందాం. 56 ఏళ్ల డ్రైవర్. పదేళ్లుగా బీపీ ఉంది. ఆయాసం, కాళ్లవాపుతో రియాద్‌లో ఆసుపత్రిలో చేరాడు. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం. ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్లతో నీరు తగ్గించి, బీపీ మందు మార్చి ఇంటికి పంపారు.

డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టర్ ‘కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్, హైపర్‌టెన్షన్’ అని రెండు వేర్వేరు వరుసల్లో రాశాడనుకుందాం.

అమెరికా పద్ధతిలో ముందు ఐ11.0, అంటే హార్ట్ ఫెయిల్యూర్‌తో కూడిన హైపర్‌టెన్సివ్ గుండె జబ్బు. తర్వాత ఐ50.9. అక్కడ ‘కంజెస్టివ్’ అన్న మాటకు ప్రత్యేక కోడ్ లేదు. అది అస్పష్ట వర్గం ఐ50.9లోనే కలిసిపోతుంది. ఆస్ట్రేలియా పద్ధతిలో ఐ50.0. ఇక్కడ ‘కంజెస్టివ్’కు సొంత కోడ్ ఉంది. బీపీ విడిగా ఐ10.

డాక్టర్ ‘అక్యూట్ ఆన్ క్రానిక్ సిస్టోలిక్ హార్ట్ ఫెయిల్యూర్’ అని రాస్తే అమెరికా కోడర్ సంతోషంగా ఐ50.23 వేస్తాడు. అక్కడ ఐ50.2 సిస్టోలిక్, ఐ50.3 డయాస్టోలిక్, ఐ50.4 రెండూ కలిసినది. ఐదో అంకె అక్యూటా, క్రానిక్కా అన్నది చెబుతుంది. 2017 అక్టోబర్ నుంచి కుడివైపు గుండె వైఫల్యానికీ, చివరి దశకూ కూడా ఐ50.8 కింద కోడ్లు వచ్చాయి. ఆస్ట్రేలియా పుస్తకంలో ఐ50 కింద మూడే గదులు: కంజెస్టివ్‌కు ఐ50.0, ఎడమ జఠరిక వైఫల్యానికి ఐ50.1, వివరం లేనిదానికి ఐ50.9. ఐ50.23 అన్న కోడే అందులో కనిపించదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా గుర్తుంచుకోదగ్గది. గుండె జబ్బు ప్రస్తావన లేకుండా పల్మనరీ ఎడీమా ఉంటే జే81. గుండె జబ్బు లేదా హార్ట్ ఫెయిల్యూర్ వల్ల అని ఉంటే ఐ50.1 వైపు వెళ్తుంది. డాక్టర్ రాసిన ఒక్క కారణం మాట రోగిని శ్వాసకోశ అధ్యాయం నుంచి గుండె అధ్యాయానికి మార్చేస్తుంది.

బీపీ దగ్గర అసలు తేడా

రెండు పుస్తకాల మధ్య అతి ముఖ్యమైన తేడా బీపీ విషయంలోనే. అమెరికా మార్గదర్శకాలు బీపీకీ హార్ట్ ఫెయిల్యూర్‌కూ సంబంధం ఉన్నట్టే భావించమంటాయి. డాక్టర్ ‘బీపీ వల్ల’ అని రాయకపోయినా సరే. ఈ రెండింటికీ సంబంధం లేదని డాక్టర్ స్పష్టంగా రాస్తేనే విడదీయాలి. కిడ్నీ జబ్బు కూడా ఉంటే మూడూ కలిపి ఐ13 వర్గంలోకి వెళ్తాయి.

ఆస్ట్రేలియా ప్రమాణం దీనికి అడ్డం తిరుగుతుంది. ‘హైపర్‌టెన్సివ్ హార్ట్ డిసీజ్’ అనో, ‘హైపర్‌టెన్షన్ వల్ల వచ్చిన హార్ట్ ఫెయిల్యూర్’ అనో డాక్టర్ రాస్తేనే ఐ11. లేకపోతే రెండింటినీ విడివిడిగా కోడ్ చేయాలి. పైన చెప్పిన డ్రైవర్ కేసులో ఐ50.0, ఐ10 వచ్చింది అందుకే. అదే డాక్టర్ ‘హైపర్‌టెన్షన్ కారణంగా కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్’ అని ఒకే వరుసలో రాసి ఉంటే ఐ11.0 అయ్యేది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కోడర్ చేతికి ఇది అలవాటైన పని. బీపీ, హార్ట్ ఫెయిల్యూర్ రెండూ కనిపించగానే ఐ11.0 పడిపోతుంది. అక్కడ అది సరైన పనే, ఆడిట్‌లో నిలిచే పనే. ఇక్కడ మాత్రం డాక్టర్ చెప్పని కారణాన్ని కోడర్ చెప్పినట్టు అవుతుంది. ఇది కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. నేర్చినదాన్ని పక్కన పెట్టాలి.

ప్రధాన రోగం ఏది, అదనపు రోగం ఏది

ఈ విషయంలో రెండు పద్ధతులూ దగ్గరగానే ఉంటాయి. పరీక్షలన్నీ అయ్యాక, రోగి ఆసుపత్రిలో చేరడానికి ముఖ్య కారణమని తేలిందే ప్రధాన రోగం. చేరిన రోజు ఎమర్జెన్సీలో రాసిన ‘ఆయాసం’ ప్రధాన రోగం కాదు, దాని వెనుక తేలిన హార్ట్ ఫెయిల్యూర్ అవుతుంది. గుండెపోటుతో చేరి, మూడో రోజు హార్ట్ ఫెయిల్యూర్ వస్తే ప్రధాన రోగం గుండెపోటే.

అదనపు రోగాల విషయంలో ఆస్ట్రేలియా ప్రమాణం గట్టిగా ఉంటుంది. ఆ రోగం కోసం చికిత్స మొదలుపెట్టాలి లేదా మార్చాలి, లేదా పరీక్ష చేయాలి, లేదా అదనపు సంరక్షణ, పర్యవేక్షణ అవసరమై ఉండాలి. ఎప్పుడో ఉన్న జబ్బు పేరు పాత చరిత్రలో కనిపించినంత మాత్రాన కోడ్ చేయకూడదు. మన డ్రైవర్‌కు బీపీ మందు మార్చారు కాబట్టి ఐ10కు ఆధారం ఉంది.

పొట్టి మాటల ప్రమాదం

రియాద్ ఆసుపత్రుల్లో ఈజిప్టు, సూడాన్, పాకిస్తాన్, భారత్ సహా ఎన్నో దేశాల డాక్టర్లు ఉంటారు. రోగితో మాట అరబిక్‌లో, ఉర్దూలో నడిచినా రికార్డు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఒక్కొక్కరు చదివిన దేశం బట్టి పొట్టి మాటల అర్థం మారుతుంది. ‘సీహెచ్ఎఫ్’ అంటే కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్ అని మనకు అలవాటు. యూరప్ పద్ధతిలో చదివిన డాక్టర్‌కు అది క్రానిక్ హార్ట్ ఫెయిల్యూర్ కావచ్చు. అమెరికా పుస్తకంలో రెండూ వివరం చాలని ఐ50.9కే చేరతాయి కాబట్టి పెద్ద నష్టం లేదు. ‘కంజెస్టివ్’కు విడి కోడ్ ఉన్న ఆస్ట్రేలియా పుస్తకంలో ఈ ఒక్క అక్షరమే కోడ్‌ను మార్చగలదు. అలాగే ‘ఎంఐ’ అంటే గుండెపోటూ కావచ్చు, మైట్రల్ కవాటం లీకేజీ కూడా కావచ్చు. ఆసుపత్రి ఆమోదించిన సంక్షిప్త పదాల పట్టిక చూడాలి. అప్పటికీ తేలకపోతే రాసినవారినే అడగాలి.

డాక్టర్‌ను ఎలా అడగాలి

ఎకోలో 35 శాతం చూసి కోడర్ సొంతంగా రోగం పేరు పెట్టకూడదు. రక్తంలో బీఎన్‌పీ పెరిగి ఉన్నా, ఫ్యూరోసెమైడ్ ఇస్తున్నా అంతే. ఇవి ఆధారాలే తప్ప రోగనిర్ధారణలు కావు. రోగం పేరు డాక్టర్ రాయాలి. ఈ నియమం రెండు దేశాల పద్ధతుల్లోనూ ఉంది.

అడగడానికీ మర్యాద ఉంది. ‘అప్రూవల్ కోసం అక్యూట్ హార్ట్ ఫెయిల్యూర్ అని రాయండి డాక్టర్’ అనడం తప్పు. అది జవాబును డాక్టర్ నోట్లో పెట్టడం. ‘రోగికి ఆయాసం, కాళ్లవాపు ఉన్నాయి. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం. మూడు రోజులు ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఈ చికిత్స ఏ రోగానికో, దానికి కారణం తేలి ఉంటే అదీ దయచేసి రికార్డులో రాయగలరా?’ అని అడగాలి. కేస్ షీట్‌లో ఉన్న ఆధారాలు ముందు పెట్టాలి, డబ్బు ప్రస్తావన తేకూడదు, ‘తేలలేదు’ అని చెప్పే అవకాశం వదలాలి. డాక్టర్ జవాబు నోటిమాటగా కాకుండా రికార్డులో చేరాలి.

డబ్బు లెక్క ఎలా మారుతుంది

అమెరికాలో హార్ట్ ఫెయిల్యూర్ కేసులు ఎంఎస్-డీఆర్‌జీ 291, 292, 293లోకి వెళ్తాయి. వేరే రోగంతో చేరిన వ్యక్తికి హార్ట్ ఫెయిల్యూర్ అదనపు రోగమైతే, అక్యూట్ సిస్టోలిక్ అని రాస్తే పెద్ద కాంప్లికేషన్ కింద లెక్క. ఉత్త ఐ50.9కి ఆ విలువ లేదు. అందుకే అక్కడి కోడర్లు ‘అక్యూట్’, ‘సిస్టోలిక్’ అన్న రెండు మాటల కోసం డాక్టర్ల వెంట పడతారు.

ఏఆర్-డీఆర్‌జీలో హార్ట్ ఫెయిల్యూర్ అండ్ షాక్ గుంపు ఎఫ్62. ఎనిమిదో వెర్షన్ నుంచి అక్కడ లెక్క వేరు. రికార్డులోని ఒక్కో రోగానికి 0 నుంచి 5 వరకు సంక్లిష్టత స్థాయి ఇచ్చి, అన్నింటినీ కలిపి మొత్తం కేసు బరువు తేలుస్తారు. ఒక పెద్ద మాట దొరికితే చాలన్న ఆలోచన ఇక్కడ పనిచేయదు. నిజంగా చికిత్స చేసిన కిడ్నీ సమస్య, షుగర్, ఇన్ఫెక్షన్ అన్నీ సరిగా రికార్డులో ఉండాలి.

మన డాక్టర్లు, నర్సులకు

కార్డియాలజీ, మెడిసిన్ వార్డుల్లో ఉన్నవారు డిశ్చార్జ్ సమ్మరీలో ఐదు సంగతులు పూర్తి మాటల్లో రాస్తే చాలావరకు ప్రశ్నలు తగ్గుతాయి. హార్ట్ ఫెయిల్యూర్ రకం, కంజెస్టివ్ అయితే ఆ మాట. కొత్తగా వచ్చిందా, పాతదే ముదిరిందా. కారణం: బీపీయా, రక్తనాళాల జబ్బా, కవాటమా, ఇంకొకటా. ఎజెక్షన్ ఫ్రాక్షన్, అది కొలిచిన తేదీ. ఈసారి చికిత్స చేసిన ఇతర రోగాలు. సిస్టోలిక్, డయాస్టోలిక్ అన్నవి ఇక్కడి కోడ్‌ను మార్చకపోయినా రాయడం మానకండి. తర్వాత చూసే డాక్టర్‌కు అవి కావాలి. నర్సుల నోట్స్‌లో రోజువారీ బరువు, ఆక్సిజన్, మూత్రం లెక్కలు ఉంటే డాక్టర్ రాసిన రోగానికి అవి బలమైన సాక్ష్యం.

రోగులు, కుటుంబాలకు

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు బిల్లు, మందుల చీటీతో సరిపెట్టుకోకండి. పూర్తి డిశ్చార్జ్ సమ్మరీ, ఎకో రిపోర్ట్ అడిగి తీసుకోండి. ‘హార్ట్ ప్రాబ్లం’ అని మాత్రమే ఉంటే రోగం పేరు, కారణం స్పష్టంగా రాయమని మర్యాదగా అడగండి. కంపెనీ మారినా, బీమా మారినా, కరీంనగర్‌లోనో కడపలోనో డాక్టర్‌ను కలిసినా ఆ రెండు కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి. మందులను బ్రాండ్ పేర్లతో కాక అసలు మందు పేర్లతో రాయించుకోండి. సౌదీ బ్రాండ్ మన ఊరి మెడికల్ షాపులో దొరకకపోవచ్చు. క్లెయిమ్ తిరస్కరించారని చెబితే, కారణం రాతపూర్వకంగా అడగండి. కోడ్ తేడా వల్ల ఆగినదైతే ఆసుపత్రి సరిచేసి మళ్లీ పంపే వీలుంటుంది.

ఇంకో కఠినమైన సంగతి. మరణం సంభవించినప్పుడు కారణం దగ్గర ‘కార్డియాక్ అరెస్ట్’ అనో, ‘హార్ట్ ఫెయిల్యూర్’ అనో మాత్రమే రాస్తే అసలు విషయం తెలియదు. ప్రాణం పోయిన ప్రతి మనిషి గుండె ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో మరణానికి దారితీసిన వరుసను రాసి, అట్టడుగున మూల కారణాన్ని చెప్పాలి: గుండెపోటు, బీపీ జబ్బు, కవాటం జబ్బు, ఏదైతే అది. గల్ఫ్ నుంచి వచ్చే కాగితంలో ఈ ఒక్క వరుస లేక, ఇంటి దగ్గర భార్యాపిల్లలకు ‘అసలేమైంది’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. బీమా కంపెనీ అడిగినప్పుడు చూపడానికీ ఏమీ ఉండదు. ఆసుపత్రిలో చికిత్స జరిగి ఉంటే, బంధువులో స్నేహితులో మెడికల్ రిపోర్ట్ కూడా కోరడం మంచిది.

రావాలనుకునే కోడర్లకు

సౌదీ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన, సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ నమోదు వంటి లాంఛనాలు ఎటూ ఉంటాయి. అవి పూర్తయ్యే నెలల్లో ఐసీడీ-10-ఏఎం మీద పట్టు సాధించండి. అనాటమీ, రోగాల జ్ఞానం, చార్టు చదివే వేగం మీకు ఇప్పటికే ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. మార్చుకోవాల్సింది అలవాటు. పాత హార్ట్ ఫెయిల్యూర్ చార్టులు పది తీసుకుని, పేర్లు లేని కాల్పనిక కేసులైనా సరే, ఒక్కోదాన్ని రెండు పద్ధతుల్లో కోడ్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో, ఏ ప్రమాణం వల్ల వచ్చిందో రాసుకోండి. పదో చార్టు పూర్తయ్యేసరికి, బీపీ కనిపించగానే ఐ11.0 వైపు వెళ్లే చెయ్యి ఆగి, డాక్టర్ కారణం రాశాడా లేదా అని వెతకడం మొదలుపెడుతుంది. రియాద్‌లో మీ నుంచి ఆశించేది అదే.